ఇంటి ముచ్చటలు: గోడలు తడుపు పిల్లి



క్రిందటి నెలలో ఊరగాయ జాడీలకు బట్టు బూజును గూర్చి వ్రాసి, ఈ నెల పట్టుచీరెలను భద్రపరచు విధమును జెప్పెదనని మాట యిచ్చియుంటిని. ఆ మాట దప్పవలసి వచ్చినది. ఇంతలో నొక సోదరి వద్దనుండి జాబు వచ్చినది. ఆమె యింట మగపిల్లి యొకటి కలదట. దానికి ఆపరేషను చేయించి రెండేండ్లయినదట. అయినను నెల దినములనుండి యది గోడల మీదను తలుపుల మీదను మూత్రము చిమ్ముచున్నదట. "వచ్చు నాదివారము దానిని సంచిలో వేసి సంతలో విడిచి రావలెనని మా వారు నిశ్చయించినారు. మీకేదైన నుపాయము దెలిసినచో శీఘ్రముగా వ్రాయుడు" అని యా జాబు ముగిసినది. ఆమెకు వెంటనే వేరుగా జాబు వ్రాసి యాదివారమును వాయిదా వేయించితిని. కాని యీ బాధ యామె యొక్కతెది కాదు. మా యింటను జరిగినది. దాచక చెప్పెదను. అందు నా తప్పులును గలవు.

మా పిల్లి పేరు బూచి. 2022వ సంవత్సరము శ్రావణమాసపు వానలలో, మా వారు పని చేయు పాఠశాల వంటశాల వెనుక కట్టెల సందున నరచుచుండగా మా యమ్మాయి తన కొంగులో జుట్టుకొని తెచ్చినది. ఒడలెల్ల తెలుపు, తోక మాత్రము నలుపు. మా యత్తగారు మొదట ముఖము ముడుచుకొన్నను, బియ్యపు బస్తాల వద్ద ఎలుకల సందడి యణగిన పిదప దాని యునికిని సహించిరి. 7 నెలల వయస్సున పట్టణములోని పశువైద్యశాలకు గొనిపోయి యాపరేషను చేయించితిమి. ఆ తరువాత నది రెండేండ్లకు దగ్గరగా, చెప్పిన మాట వినెడు విద్యార్థివలె మెలగినది. దొడ్డిలో నిసుక తొట్టి, దాని పని దానిదే.

2024 కార్తికమాసములో తెల్లవారుజామున మా యత్తగారు స్నానమాచరించి దీపము వెట్టుటకు దేవుని గది ముందునకు వచ్చి నిలిచిపోయిరి. గడపకు బసుపు వ్రాసిన చోటునకు జానెడు పైన, ద్వారబంధము వెంబడి చార దిగియున్నది. కంపు చెప్పనలవి గాదు. కడిగితిని. మూడవనాడు మరల నచ్చటనే. ఆ పైవారము మా వారి బల్ల ప్రక్క గోడ నానుకొని పెట్టిన పరీక్ష కాగితముల కట్ట తడిసినది. 36 మంది పిల్లల సాంఘికశాస్త్రము! మా వారు కోపము దెచ్చుకొనువారు కారు. ఆ కాగితములను దండెమునకు బట్టలవలె నారవేసి, ముక్కునకు తువ్వాలు గట్టుకొని మార్కులు వేసికొనిరి. కాని యా రాత్రి నాతో నొక్కమాట యనిరి: "ఈ కాగితములు నావి కావు. పరుల పిల్లలవి."

మా యత్తగారి మాట యంతకంటె స్పష్టముగా నుండెను. "అమ్మాయీ, దేవుని గదికిని దొడ్డిగోడకును భేదము దెలియని జంతువునకు ఈ యింట చోటు లేదు. సంక్రాంతి దాక జూచెదను. ఆ పైని మీ మరిది దానిని బండి మీద గొనిపోయి కాలువ యవతల మిల్లు వద్ద దింపి వచ్చును." ఆమె మాట యన్యాయమని నేననలేదు. మడి, దీపము, వ్రతము నన్నియు నామె చేతి మీద నడచుచున్నవి. మా యమ్మాయి మాత్ర మా పూట అన్నము ముట్టలేదు.

ఇక నా తప్పులు. చీపురుతో గొట్టితిని. పట్టుకొని వచ్చి తడిసిన చోట ముక్కు రాచితిని. పిమ్మట బజారులో దొరకు ఫినాయిలు సీసా దెచ్చి నీళ్లలో నించుకయే కలిపి, వాకిలి మొదలు పెరటి తలుపు వరకును చిక్కగా దుడిచితిని. ఇల్లు ఆసుపత్రివలె వాసన గొట్టుచుండ నాకు జయము గలిగినట్లే తోచెను. సాయంకాలమునకు బూచి నోట చొంగ కారుచు, రెండుసార్లు కక్కుకొని, బల్ల క్రింద ముడుచుకొని పడియుండెను. అది తడి నేల మీద నడచి, తన యలవాటు చొప్పున పాదములు నాకుకొన్నది. ఆ సంగతి నా బుద్ధికి దోచలేదు.

దానిని గంపలో నుంచి మూతకు గుడ్డ గట్టి వైద్యశాలకు బరుగెత్తితిని. అచ్చటి డాక్టరమ్మగారు మొదట వైద్యము చేసిరి, పిమ్మట నన్ను మందలించిరి. "అమ్మా, పిల్లి కాలేయమునకు ఫినాలు జాతి పదార్థములను విరిచి బయటికి బంపు శక్తి కుక్కలకున్నంత యైన లేదు. మీరు నేలను శుభ్రపరచలేదు, దానికి విషము బరచితిరి." అదియే కారణమున, నీళ్లలో పోయగనే పాలవలె తెల్లబారు గోధుమవన్నె క్రిమినాశకమును గూడ పిల్లి తిరుగు తావున వాడరాదు. పెట్టెలలో వేయు కలరా ఉండలును దానికి ముప్పే. బ్లీచింగు పొడి వేరొక చిక్కు దెచ్చును. అది మూత్రములోని యమోనియాతో గలిసి మనకును పిల్లికిని గొంతు మండించు వాయువును బుట్టించును. నేను తెలియక చేసితిని. దైవవశమున నది రెండు దినములలో దేరుకొన్నది.

అప్పుడు డాక్టరమ్మగారడిగిన మొదటి ప్రశ్న నాకు వింతగా దోచెను: "నిలుచుండి చేయునా, కూరుచుండి చేయునా?"

సోదరీమణులారా, ఈ విషయమంతయు నీ ప్రశ్న మీదనే నిలిచియున్నది. పిల్లి నేల మీద గూరుచుండి విస్తారముగా మూత్రము విడిచిన నది విసర్జనము. అట్టిది తొట్టిలో గాక పరుపు మీదనో మూలనో చేసిన, తొట్టి దానికి నచ్చలేదనియో, దేహములో వ్యాధి గలదనియో యెరుంగవలెను. అట్లుగాక, గోడకు వెన్ను ద్రిప్పి నిలుచుండి, తోక నిట్టనిలువుగా నెత్తి, దాని కొన వణకించుచు కొద్దిపాటి మూత్రమును వెనుకకు జిమ్మిన నది వేరొక వ్యవహారము. అది తన సరిహద్దునకు వేసిన గురుతు. మనము పొలము గట్టున రాయి పాతుదుము. అది గోడ మీద వాసన పాతును. మా బూచిది రెండవ రకము.

అయినను డాక్టరమ్మగారు మూత్రము పరీక్షింపక విడువలేదు. రక్తము గాని, రాళ్లకు మూలమైన స్ఫటికములు గాని కలవేమో చూచిరి, లేవు. ఈ సందర్భమున నొక మాట గట్టిగా జెప్పవలసియున్నది. మగపిల్లి మాటిమాటికి తొట్టిలోనికి బోయి ముక్కుచు, చుక్కయైన రాక యరచుచు, ఆ భాగమును నాకుకొనుచుండిన, దానిని పాడలవాటని తిట్టుచు గూరుచుండరాదు. మూత్రమార్గము మూసికొన్నదన్న మాట. ఒకటి రెండు దినములలో ప్రాణము పోవును. అర్ధరాత్రమైనను వైద్యుని తలుపు దట్టవలసినదే.

"ఆపరేషను చేయించితిమి గదా, ఇంకను నిదేల?" యని నేనడిగితిని. అది చాల మంది యడుగు ప్రశ్నయే. ఆపరేషనువలన నీ యలవాటు మిక్కిలి తగ్గును. కాని యందరిలోను నిర్మూలము గాదు. 1984లో నమెరికాలో హార్టు, కూపరు అను నిద్దరు ప్రకటించిన పరిశోధనలో, ఈడు రాకమునుపే ఆపరేషనయిన మగపిల్లులలో నూటికి 10, ఆడపిల్లులలో నూటికి 5 పెద్దవైన పిమ్మట తరచుగా జిమ్మినట్లు తేలినది. ఆడపిల్లులును జిమ్మునని నాకు దానివలననే తెలిసినది. అరుదుగా ఒక వృషణము కడుపులోనే నిలిచిపోవుటయు గలదు. అట్టి పిల్లికి ఆపరేషను సగమే జరిగినట్లు. దాని నడవడి గండుపిల్లి నడవడియే. మా బూచికి రెండును దీసినట్లు వైద్యశాల పుస్తకములోనే యుండెను.

కంపును గూర్చియు నామె యొక చక్కని సంగతి జెప్పిరి. పిల్లి మూత్రములో ఫెలినీను అను పదార్థము గలదు. మొదట దానికి వాసన లేదు. గాలి తగిలి నిలువ యున్న కొలది విరిగి గంధకము గల వేరొక పదార్థమై ముక్కు బగులగొట్టును. ఈ ఫెలినీను పుట్టుటకు మూత్రములోని యొక మాంసకృత్తు తోడ్పడునని 2006లో జపానుదేశమున మియజాకి మొదలగువారు నిరూపించిరి. ఆ మాంసకృత్తు గండుపిల్లిలో మెండు, ఆపరేషనయిన పిల్లిలో స్వల్పము. ఇది విని యింటికి వచ్చిన పిదప నాకొక యనుమానము గలిగినది. దేవుని గది వద్ద కంపు ఒక తీరు. పెరటి తలుపు వెలుపలి ప్రక్క కంపు మరియొక తీరు, దానికి నాలుగింతలు. బూచి రాత్రులు బయటికి బోదు. మరి వెలుపల చిమ్మినదెవరు?

"ఈ రెండు నెలలలో మీ యింట నేమి మార్పు వచ్చినది?" అని డాక్టరమ్మగారడిగినప్పుడు నేను "ఏమియు లేదు" అంటిని. క్రొత్త బిడ్డ రాలేదు, క్రొత్త బల్ల రాలేదు, ఇల్లు మారలేదు. కాని కనిపెట్టి చూడుమని యామె జెప్పి పంపిరి. మరునాడు 4 గంటలకే లేచి వంటయింటి కిటికీ వద్ద చీకటిలో గూరుచుంటిని. దొడ్డి గోడ మీదనుండి యొక బలిసిన గండుపిల్లి దిగినది. చెవి చిరిగియున్నది, బుగ్గలు దవడల దాక నుబ్బియున్నవి. తిన్నగా పెరటి యరుగు వద్దకు వచ్చి, తన సొంత యిల్లువలె గూరుచున్నది. తలుపు తెరచికొని మా యత్తగారు తడిబట్టతో వెలుపలికి వచ్చి, ఆకులో పాలన్నము పెట్టిరి!

ప్రక్కయింటివారు ఆశ్వయుజములో ఇల్లు విడిచి పట్నము వెడలిరి. వారి దొడ్డిలో బ్రదుకు పిల్లి దిక్కులేనిదైనది. కార్తికమున నొక నోరులేని ప్రాణికి బట్టెడన్నము పెట్టుట పుణ్యమని యత్తగారు దలచిరి. నాకు జెప్పిన నింకొక పిల్లిని జేరదీసితిరాయని నేను సణుగుదునని చెప్పలేదట. ఆ గండుపిల్లి తిని, పోవుచు, తలుపునకు తన గురుతు వేసి పోవుచున్నది. లోపల నున్న మా బూచి యా వాసన జూచి భయపడి "ఇది నాది, ఇది నాది" యని లోపలి గోడలన్నిటి మీదను తన గురుతు వేసికొనుచున్నది. హితోపదేశములో దీర్ఘకర్ణమను పిల్లి పక్షిపిల్లలను దినిపోగా, ఏ పాప మెరుంగని జరద్గవమను ముసలి గ్రద్ద చచ్చినది గదా! ఆ కథ మా పెరటిలోనే నడచుచున్నదని నాకు నవ్వు వచ్చినది. వెంటనే చీపురు దెబ్బలు జ్ఞప్తికి వచ్చి నవ్వు మాని యూరకుంటిని.

ఈ సంగతి అత్తగారితో నెట్లు చెప్పుట? "మీవల్లనే" యనిన మాట యెంత కఠినము! మా వారే సాయంకాలము తల్లి వద్ద గూరుచుండి, పిల్లి నడవడి యంతయు బాఠము జెప్పినట్లు జెప్పిరి. ఆమె చాలసేపు మాటాడలేదు. పిమ్మట "అయితే దాని నోటికాడి కూడు దీయమందువా?" యనిరి. తీయనక్కరలేదనియు, చోటు మార్చిన జాలుననియు మావారనిరి. అప్పటినుండి యా గండుపిల్లికి దొడ్డి చివర, గడ్డివామి కవతల, మా కిటికీలకు గానరాని చోట పెట్టుచున్నారు. మొదటి వారము పాత యరుగు వద్దకే వచ్చి యరచెను. ఆకును దినమునకు గొన్ని గజములు జరుపుచు పోగా నలవాటు పడెను. పుష్యములో దానిని బోనులో బట్టి వైద్యశాలకు బంపి దానికిని ఆపరేషను చేయించితిమి. ఖర్చులో సగము మా యత్తగారు తన డబ్బిలోనుండి యిచ్చిరి.

ఇంటిలోపల చేసిన పనులు వినుడు. పెరటి కిటికీ అద్దములకు క్రింది సగమున దళసరి కాగిత మంటించితిమి, బయటి పిల్లి కంటబడకుండ. చిమ్మిన చోట్లను కడుగుటకు, ఎంజైములు గల బట్టలసబ్బు పొడి 1 వంతు, నీరు 9 వంతులు గలిపి, గుడ్డతో నొత్తి, చల్లని నీట మరల గడిగి, ఆరిన పిదప ఆసుపత్రులలో వాడు స్పిరిటుతో దుడిచితిని. స్పిరిటునకు నిప్పు తగులరాదు. దేవుని గది ముందర గనుక దీపము గొండెక్కిన పిదపనే యా పని చేసితిని. ఎంజైములు గల ద్రావకములు పెంపుడు జంతువుల దుకాణములలో సిద్ధముగను దొరకును. మన కంటబడని మరకలు చీకటిలో అతినీలలోహిత దీపము వేసిన మెరయును. నేను మా మరిది వద్ద నోట్లు పరీక్షించు చిన్న దీపమును దెచ్చి చూడగా, నాకు దెలియని చోట్లు మరి 5 బయటపడినవి! ఒకటి బీరువా వెనుక. సున్నపు గోడ పీల్చుకొన్న చోట మాత్రము గడుగుట చాలలేదు. పూత గీకి క్రొత్తది వేయించితిమి. పచ్చి సున్నము తగిలిన పిల్లికి ఒడలు గాలును గాన నారువరకు నా గది మూసియుంచితిని.

పిల్లి తాను దిను చోట సాధారణముగా జిమ్మదు. కావున మావారి బల్ల ప్రక్కనే బూచి గిన్నె పెట్టితిని. ఆ నాటినుండి కాగితములు క్షేమము. దేవుని గది వద్ద గిన్నె పెట్టుటకు నేనడుగనైన లేదు. అచ్చటికి వేరొక యుపాయము. పిల్లి తన బుగ్గలు రాచిన చోటు దానికి నెమ్మదిని గలిగించునట. శుభ్రమైన నూలుగుడ్డతో బూచి బుగ్గలను మెల్లగా నిమిరి, ఆ గుడ్డతో ద్వారబంధము క్రింది భాగమును దినము దుడుచుచు వచ్చితిని. ఆ గంధమును గృత్రిమముగ జేసి విద్యుత్తు గొట్టమున బెట్టునట్లు అమ్ముదురు. వెల యెక్కువ యని మేము కొనలేదు.

ఇసుక తొట్లు రెండు పెట్టితిమి. పిల్లులెన్నియో వాటికంటె నొకటి యెక్కువ యుండవలెననుట నియమము. ఒకటి దొడ్డివసారాలో, ఒకటి మెట్ల క్రింద; అన్నము గిన్నెకు దూరముగా. దినమున కొకసారి తప్పక యెత్తవలెను. గర్భవతులైన సోదరీమణులు ఈ పనిని మరియొకరికి విడువుడు. పిల్లి మలమునుండి టాక్సోప్లాస్మా యను సూక్ష్మజీవి తల్లి కడుపులోని బిడ్డకు జెరుపు చేయవచ్చును. అది యంటుకొను స్థితికి వచ్చుటకు 1 మొదలు 5 దినములు పట్టును గనుక, ఏ నాటి దా నాడెత్తిన నపాయము చాల తగ్గును. ఇందుకై పిల్లిని వెడలగొట్టనక్కరలేదు.

కొట్టుట మాత్రము మానుడు. తెనాలి రామకృష్ణుని పిల్లి కథ మీ రెరుగుదురు. కాగిన పాలు త్రాగి నోరు గాలిన యా పిల్లి, పాలను జూచినంతనే పారిపోయెను గాని, "చల్లార్చి త్రాగవలెను" అని నేర్చుకొనలేదు. నా చీపురు దెబ్బలు దిన్న బూచియు గోడను జూచి భయపడలేదు. నన్ను జూచి భయపడెను. భయము పెరిగిన కొలది చిమ్ముటయు బెరిగెను. ఆ దినములలో నేను వ్రాసి పెట్టుకొన్న లెక్క యిప్పుడు చూచిన సిగ్గగుచున్నది: కొట్టకమునుపు వారమునకు 3 సారులు, కొట్టిన వారము 7.

ఇన్ని చేసినను మానని పిల్లులు గలవు. అట్టివానికి వైద్యులు ఫ్లూఆక్సెటీను వంటి మందును మితముగా నిత్తురు. గుణము గనబడుటకు వారములు పట్టును; ఉన్నట్లుండి మానరాదు. మనుష్యుల మాత్రను మనమే విరిచి పెట్టుట యెన్నడును గూడదు. మన యిండ్లలో జ్వరమునకు వేసికొను పారాసిటమాలు ఒక్క మాత్రయే పిల్లి ప్రాణము దీయగలదు. మా బూచికి మందు అవసరము రాలేదు.

సంక్రాంతి నాటికి లెక్క వారమునకు 1కి దిగినది. పూర్తిగా మానలేదు. భోగి నాటి యుదయమున మరిది బండి తుడుచుకొనుచుండగా మా యమ్మాయి పిల్లిని నెత్తుకొని మేడమెట్ల క్రింద దాగినది. మా యత్తగారు పిలిచి, "దానిని దింపి నీవు స్నానమునకు బొమ్ము. నలుగు ఆరిపోవుచున్నది" యనిరి. మరిదితో నేమియు ననలేదు. తరువాత మాఘమున నొకసారి, వేసవిలో సున్నము వేయు పనివారు వచ్చినప్పుడొకసారి బూచి మరల జిమ్మెను. రెండవసారి నాకంటె ముందు అత్తగారే చూచి, సబ్బుపొడి డబ్బా యెక్కడనున్నదని యడిగిరి.

జాబు వ్రాసిన సోదరికి మనవి: మీ పిల్లి నిలుచుండి చేయుచున్నదో కూరుచుండి చేయుచున్నదో మీరు వ్రాయలేదు. తెల్లవారుజామున నొక వారము కిటికీ వద్ద గూరుచుండి వెలుపల నెవరు తిరుగుచున్నారో చూచి, నాకు మరల జాబు వ్రాయుడు. పట్టుచీరెల సంగతి వచ్చు నెల.